చుక్కాని

త్రిపురారం పొలాలకు సాగర్ ఎడమ కాలువే ఆధారం. అక్కడ పడవ ఎక్కని వాళ్లు కూడా దిక్కుతోచని బతుకును ‘చుక్కాని లేని నావ’ అంటారు. చుక్కాని అనే మాట అరబ్బీ ‘సుక్కాన్’ నుంచి వచ్చింది. ఆ భాషలో దానికి ‘నివాసులు’ అనే అర్థమూ ఉంది.

కృష్ణలో తిరిగే పుట్టి గుండ్రంగా ఉంటుంది. ముందూ వెనుకా లేవు, తెడ్డుతోనే నడుస్తుంది. పొడవాటి పడవకు మాత్రం సాధారణంగా వెనక చుక్కాని ఉంటుంది. ఇంగ్లండు కాలువల్లో సుమారు 7 అడుగుల వెడల్పు పడవల్లో కాపురముండేవాళ్లు తేల్చుకోవాల్సిన వాటిలో ఒకటి, దాని చుట్టూ ఎంత జాగా వదలాలన్నది. చుక్కాని చుట్టూ నలుగురు నిలబడే జాగా వదిలితే లోపలి గది తగ్గుతుంది. విహారానికి ఆ జాగా సుఖం. ఏడాదంతా ఉండేవాళ్లకు గదే మేలు.