రచనా బోధన శిక్షకులు

పిల్లలచేత సొంతంగా రాయించే పద్ధతులను ఉపాధ్యాయులకు నేర్పేవారిని రచనా బోధన శిక్షకులు అనవచ్చు. తెలంగాణలో ఇది విడి ఉద్యోగం కాదు. బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయులనే రిసోర్స్ పర్సన్లుగా, అంటే తోటివారికి శిక్షణనిచ్చేవారిగా, ఎంపిక చేస్తారు. వీరిలో ప్రాచ్యభాషా పట్టాతోనో తెలుగు పండిత శిక్షణతోనో వచ్చిన భాషా పండితులు, బి.ఇడి. చదివిన స్కూల్ అసిస్టెంట్లు, ప్రాథమిక తరగతుల సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులు ఉంటారు. 1986 జాతీయ విద్యావిధానం వల్ల ఏర్పడిన జిల్లా విద్యా శిక్షణ సంస్థల, అంటే డైట్‌ల, అధ్యాపకులు వీరికి తోడవుతారు.

పండితులకు వ్యాకరణ, ఛందస్సులపై పట్టు గట్టిది; అయితే పిల్లవాడి తొలి వాక్యాన్ని తప్పులెంచకుండా చదివే ఓర్పు ఎక్కువగా ప్రాథమిక తరగతుల అనుభవం నుంచే వస్తుంది కనుక, శిక్షక బృందంలో ఆ అనుభవానికి పెద్దపీట వేయాలి. సంగారెడ్డి జిల్లా జిన్నారం మండలంలో, గడ్డపోతారం, కాజీపల్లి పరిశ్రమలకు వలసవచ్చిన కుటుంబాల పిల్లల్లో కొందరికి ఇంటిభాష హిందీ, ఒడియా వంటిది కావడంతో, వారు తెలుగు వాక్యం కూర్చే తీరును గమనించిన ఉపాధ్యాయుడి అనుభవం పట్టాకు మించిన అర్హత.

అమెరికాలో జేమ్స్ గ్రే 1974లో బర్క్‌లీలో ప్రారంభించిన రచనా శిక్షణ కార్యక్రమానికీ ఉపాధ్యాయులకు ఉపాధ్యాయులే గురువులన్న సూత్రమే ఆధారం. అక్కడ శిక్షకులు తామూ రచనలు చేసి, తోటివారికి చదివి వినిపిస్తారు.