గవద బిళ్ళల నుంచి జె35.1 దాకా

సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ళ వెళ్ళే రోడ్డు మీదుంటుంది మా రాజుపాలెం. మా ఊళ్ళో గొంతు దగ్గర ఏది వాచినా గవద బిళ్ళలే. అమెరికా కోడింగు పుస్తకంలో అలా కుదరదు. గవద బిళ్ళలకి బి26, టాన్సిల్స్ పెరిగితే జె35.1, వాటితోపాటు ముక్కు వెనకుండే ఎడినాయిడ్స్ కూడా పెరిగితే జె35.3. హైదరాబాదులో మెడికల్ కోడింగు చేసే మిత్రులకి ఇవన్నీ నోటికొచ్చు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు దాన్ని డాటా ఎంట్రీ అని తేలిగ్గా తీసేస్తారు గానీ, ఆ అంకెలు మన ఫోర్ట్రాన్ కంటే చాలా పాతవి.

1893లో జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంక నిపుణుడు చికాగోలో ఒక జాబితా ఇచ్చాడు. అది చనిపోయినవాళ్ళు దేనివల్ల పోయారో లెక్కపెట్టడానికి. బతికున్నవాళ్ళ జబ్బులు అందులో పూర్తిస్థాయిలో చేరింది 1948లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికొచ్చాక, ఆరో సవరణతో. అమెరికా వాళ్ళు తొమ్మిదో సవరణని పట్టుకుని చాలా ఏళ్ళు వేలాడారు (అందులో టాన్సిల్స్‌ది 474.11). చివరికి 2015 అక్టోబరు 1న పదికి మారారు. లెగసీ సిస్టమ్ బాధలు మనకొక్కళ్ళకే కాదన్నమాట!

సరే, అసలు సంగతికొస్తా. 1934లో న్యూయార్కులో వెయ్యిమంది బడిపిల్లల్ని చూశారు. 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని డాక్టర్లకి చూపిస్తే 174 మందికి తీసెయ్యాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని వేరే డాక్టర్లకి చూపించారు. వాళ్ళలో 99 మందికి తియ్యాలట! మిగిలిన 116 మందిని మళ్ళీ చూపిస్తే ఇంకో 51 మందికి. ఎన్నిసార్లు చూపించినా దాదాపు సగం మందికి కత్తే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత పుట్టిన భాష మనది, మనకి ఇది వేరే చెప్పాలా?

"పెద్దగా ఉన్నాయి" అనే మాటకి కొలత లేకపోవడమే అక్కడ చిక్కు. ఆ కొలతలు తీరిగ్గా వచ్చాయి. పారడైజ్ బృందం 1984లో గొంతునొప్పి ఎన్నిసార్లు వస్తే ఆపరేషన్ ఆలోచించాలో లెక్క పెట్టింది: ఏడాదిలో ఏడు, లేదా వరసగా రెండేళ్ళు ఏటా ఐదు, లేదా మూడేళ్ళు ఏటా మూడు. అదీ ప్రతిసారీ కాగితం మీద నమోదై ఉండాలి. 1989లో లిండా బ్రాడ్‌స్కీ సైజుకి గ్రేడులిచ్చింది. గొంతు దారిలో పావు వంతులోపు మూస్తే 1, ముప్పావు దాటితే 4.

ఇక్కడే నాలోని ఇంజనీరుకి చిరాకు. జె35.1లో ఈ గ్రేడు లేదు. అది ఒట్టి లేబుల్. గ్రేడు ఎంత, పిల్లాడు నిద్రలో ఊపిరాడక లేస్తున్నాడా, జ్వరం ఎన్నిసార్లొచ్చింది, ఇవన్నీ డాక్టరు నోట్సులోనే ఉండాలి. లేకపోతే కోడరు ఊహించి రాయకూడదు, డాక్టర్ని అడగాలి. నిద్రలో శ్వాస ఆగడానికి విడిగా జి47.33 ఉంది, అదీ డాక్టరు రాస్తేనే.

మా అక్క కొడుక్కి ఆరేళ్ళు. ఆ వయసులో టాన్సిల్స్ కాస్త పెద్దగానే ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. వాడి ఓపీ చీటీ మీద ఒకటే ముక్క: "టాన్సిల్స్ ఎన్‌లార్జ్‌డ్, ఆపరేషన్." గ్రేడు లేదు, గురక సంగతి లేదు, జ్వరాల లెక్క లేదు. డబ్బు సిద్ధం చేసుకోమన్నారట. రెండో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. ఈలోగా అక్క గోడ క్యాలెండర్ మీద జ్వరం వచ్చిన రోజులకి సున్నాలు చుడుతోంది, గురక పెట్టిన రాత్రుళ్ళకి ఇంటూ మార్కు.