బాదామి మూడవ గుహాలయము – కాలనిర్ణయమున దాని విలువ

దక్షిణాపథమున కొండలను తొలిచి నిర్మించిన ఆలయము లనేకములు కలవు. తన కాలమును తానే చెప్పగల గుహాలయము మాత్రము మిక్కిలి అరుదు. అట్టి వానిలో బాదామి మూడవ గుహ ముఖ్యమైనది. కర్ణాటక దేశమందలి బాదామి పూర్వము వాతాపి యను పేర తొలి చాళుక్యులకు రాజధానిగా నుండెను. అచటి ఎఱ్ఱని ఇసుకరాతి కొండలో నాలుగు ప్రధాన గుహలు కలవు. మొదటిది శైవము, రెండవదియు మూడవదియు వైష్ణవములు, నాలుగవది జైనము.

మూడవ గుహలోని అర్ధస్తంభముపై నొక సంస్కృత శాసనము కలదు. కీర్తివర్మ పాలనమున 12వ యేట, శకవర్షము 500 కార్తిక పూర్ణిమనాడు, అనగా క్రీ.శ. 578లో, ఆతని తమ్ముడగు మంగళేశుడు ఈ మహావిష్ణుగృహమున విష్ణుప్రతిమను ప్రతిష్ఠించెనని అది తెలుపుచున్నది. ఈ ధర్మకార్యఫలమును మంగళేశుడు తన యన్నకు ధారపోసెను. నారాయణబలికిని, పదునార్గురు బ్రాహ్మణుల భోజనమునకును ఒక గ్రామము నొసగెను. వెలుపలి కన్నడ శాసనము ఈ గుహను ‘కల్మనె’ యని, అనగా రాతి యిల్లని, పేర్కొని, దేవునికి పూలు కూర్చు మాలకారులకు చేసిన దానమును చెప్పుచున్నది. గర్భగృహమున నాటి ప్రతిమ నేడు లేదు. దాని నిత్యపూజకై చేసిన యేర్పాటు మాత్రము రాతిపై నిలిచియున్నది.

ముఖమండపమందలి శిల్పములు మిక్కిలి పెద్దవి. అనంతుని చుట్టలపై ఆసీనుడైన విష్ణువు, భూదేవి నుద్ధరించు వరాహమూర్తి, నరసింహుడు, హరిహరుడు, పాదము నెత్తిన త్రివిక్రముడు, అష్టభుజ విష్ణువు ఇందు కలరు. వరాహము చాళుక్యుల రాజలాంఛనము. కావున వరాహమూర్తి ఇచట పురాణకథతోపాటు రాజవంశ గౌరవమునుగూడ సూచించుచున్నాడని యెంచుట యుక్తము. స్తంభముల బోదెలపై చెక్కిన దంపతుల ప్రతిమలును, నగిషీపనియు 578 నాటికే ఈ శిల్పులు పొందిన ప్రౌఢిమకు నిదర్శనములు.

కీర్తివర్మ కుమారుడగు రెండవ పులకేశి వేంగిని జయించెను. ఆతని తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు అచట తూర్పు చాళుక్యవంశమును స్థాపించెను. అందుచే ఆంధ్రదేశ గుహాలయముల కాలమును విచారించువారికి బాదామితో పోలిక సహజముగ తోచును. ముఖ్యముగ కృష్ణానది దక్షిణపుటొడ్డునగల ఉండవల్లి విషయమున ఈ పోలిక యవసరమగుచున్నది. నాలుగంతస్తుల ఆ గుహాలయమునకు స్థాపనశాసనము లేదు. కొందఱు దానిని విష్ణుకుండినులదనిరి. మఱికొందఱు ఏడవ శతాబ్దమునకు చెందినదనిరి. అచటి విష్ణువు అనంతునిపై శయనించియున్నాడు. బాదామి విష్ణువు ఆసీనుడు. ఉండవల్లి స్తంభములు బరువైనవి, చదరములు, మధ్యభాగమున మాత్రము అంచులు చెక్కబడినవి. బాదామి స్తంభముల యలంకారము వానికి లేదు.

ఈ నిరాడంబరతను జూచి ఉండవల్లి 578కి పూర్వపుదని చెప్పుట సులభము. కాని ఆ వాదమునకు మండగపట్టు గుహ యడ్డువచ్చుచున్నది. ఇటుక, కొయ్య, లోహము, సున్నము లేకుండ బ్రహ్మేశ్వర విష్ణువులకు ఈ ఆలయమును కల్పించితినని అచట విచిత్రచిత్తుడు, అనగా పల్లవ మహేంద్రవర్మ, శాసనమున చెప్పుకొనెను. ఏడవ శతాబ్దారంభమున రాజ్యమేలిన యీ రాజు మంగళేశుని గుహకు తరువాతివాడు. అయినను ఆతని స్తంభములు నిరాడంబరములే. కావున సాదాతనము ప్రాచీనతకు గుర్తు కాదు. రాతి గట్టిదనము, శిల్పుల సంప్రదాయము, చేయించినవాని యభిరుచి, పని మధ్యలో నిలిచిపోవుట మున్నగునవి గూడ రూపమును నిర్ణయించును.

బాదామి గుహ మనకొక స్థిరమైన సంవత్సరము నిచ్చుచున్నది. అది వాతాపి శిల్పమునకు కొలబద్ద. ఇతర ప్రాంతముల శిల్పమును దానితో పోల్చవచ్చును గాని, దానితోనే కొలిచి సంవత్సరము నిర్ణయింపరాదు. ఉండవల్లిని పరిశీలించు విద్యార్థి ముందుగా అంతస్తుల విన్యాసమును, అసంపూర్ణ భాగములను, తరువాత చేర్చిన ప్రతిమలను వేఱువేఱుగ గుర్తింపవలెను. రాజవంశము పేరు ఆ పరిశీలనము ముగిసిన పిదప రావలసినది. ముందే వంశమును నిశ్చయించుకొని శిల్పమును చూచినచో, శిల్పము మనము కోరిన సాక్ష్యమునే చెప్పును.