ఒకే దీవిలో నాలుగు తీర్ల పిట్ట

ఒక పక్షి జాతి పాయలుగా చీలాలంటే మధ్యలో సముద్రం అడ్డుండాలన్నది పాత లెక్క. గలపగోస్ దీవుల ఫించ్ పిట్టలను అందుకు సాక్ష్యంగా చూపేవారు. మడగాస్కర్‌కు తూర్పున ఉన్న రీయూనియన్ దీవిలో పది గ్రాముల పాటి పిట్ట ఒకటి ఆ లెక్కను తారుమారు చేసింది.

దాని పేరు రీయూనియన్ గ్రే వైట్-ఐ. వైట్-ఐ కుటుంబంలోని చాలా పిట్టలకు కంటి చుట్టూ ఉండే తెల్లటి వలయం దీనికి లేదు. తెలుపంతా తోక మొదట్లోనే. పురుగులు, పళ్లు, తేనె ఏది దొరికితే అది తింటూ గుంపులుగా కిచకిచలాడుతుంది.

రీయూనియన్ మొత్తం సుమారు 2,500 చదరపు కిలోమీటర్లే. అందులోనే ఈ పిట్ట నాలుగు తీర్లుగా కనిపిస్తుంది. పల్లపు ప్రాంతాల్లో మూడు: ఒకటి నిలువెల్లా బూడిద రంగు, ఒకటి గోధుమ వీపుతో బూడిద తల, మరొకటి తల, వీపు రెండూ గోధుమే. ఎవరి ఇలాకా వారిదే. వాటి సరిహద్దులు చాలావరకు నదులూ, గడ్డకట్టిన లావా మైదానాలూ. దాదాపు 1,400 మీటర్ల ఎత్తు దాటితే నాలుగోది మొదలవుతుంది. ఆ కొండపిట్టల్లో బూడిదవీ గోధుమవీ కలిసే తిరుగుతాయి, జతకడతాయి.

ఈ తేడాలన్నిటినీ అమెరికా పక్షి శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ గిల్ 1973లో ఒక గ్రంథంగా వివరించాడు. రెండు తీర్లు కలిసే చోట సంకర పిట్టలు పుడతాయి గానీ, ఆ హద్దు పట్టీలు చాలా సన్నం.

రెక్కలున్న జీవికి నది ఒక అడ్డా? జన్యు పరీక్షలు చెప్పిన జవాబు: ఈ పిట్టలు పుట్టినచోటు వదిలి దూరం పోవు. పదేసి కిలోమీటర్ల ఎడంలోనే వాటి డీఎన్‌ఏలో తేడా కనిపిస్తుంది. పల్లపు పిట్టల మధ్య తేడాలు ఎక్కువగా జెడ్ అనే లింగ క్రోమోజోమ్‌లో పోగుపడ్డాయి. కొండపిట్టల రెండు రంగుల తాళంచెవి మాత్రం ఒకటో క్రోమోజోమ్‌లో ఉందని 2017లో తేలింది.

ఒకప్పుడు తెలుగువారు చెరకు తోటల పనికి వలసవెళ్లిన మారిషస్ ఈ దీవికి పొరుగే. విస్తీర్ణంలోనూ మరీ చిన్నదేం కాదు. అక్కడి గ్రే వైట్-ఐ దీనికి అతి దగ్గరి చుట్టం. చాలాకాలం రెండిటినీ ఒకే జాతిగా లెక్కించారు. అది మాత్రం దీవంతటా ఒకే బూడిద రంగు. కొండల ఎత్తు ఇందుకు ఒక కారణం కావచ్చు: అక్కడి అతి ఎత్తయిన శిఖరం 828 మీటర్లే; రీయూనియన్‌లో పిటాన్ దె నేజ్ 3,000 మీటర్లు దాటుతుంది.