వీధి కుక్కల్ని దత్తతకిస్తే సంఖ్య తగ్గుతుందా? కాణిపాకం లాంటి పంచాయతీకి ఏది ఎంత ఖర్చు?

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి దర్శనం చేసుకుని బయటికొస్తే, దుకాణాల మధ్య పడుకున్న కుక్కలు మీకు కనిపిస్తాయి. కొందరు బిస్కెట్ ప్యాకెట్ విప్పి వేస్తారు. కొందరు పిల్లల్ని దగ్గరికి లాక్కుని తప్పుకుని వెళ్తారు. ఊళ్లోవాళ్లకైతే ఇది రోజూ ఉండే సమస్య. తెల్లవారుజామున పాలకు వెళ్లేవాళ్లకు, సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు కుక్కల గుంపంటే భయం.

ఇలాంటప్పుడు సాధారణంగా మూడు మాటలు వినిపిస్తాయి. పట్టుకెళ్లి దూరంగా వదిలేయండి. షెల్టర్ కట్టి అందులో పెట్టండి. కుక్కలంటే ఇష్టమున్నవాళ్లకు దత్తత ఇచ్చేయండి. ఇందులో చట్టం దేనికి ఒప్పుకుంటుంది? దేనికి ఎంత ఖర్చవుతుంది? దేనివల్ల సంఖ్య నిజంగా తగ్గుతుంది?

సమస్య ఎంత పెద్దది?

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లు. 2024లో దేశవ్యాప్తంగా 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి సుమారు 2.45 లక్షలు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే ఇది కేవలం జంతు ప్రేమికులకూ, భయపడేవాళ్లకూ మధ్య గొడవ కాదు. ఇది ప్రజారోగ్య సమస్య.

ఊళ్లో కుక్కల బాధ్యత ఎవరిది?

కేంద్రం 2023 మార్చిలో కొత్త జంతు సంతాన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. వీటినే ఏబీసీ రూల్స్ అంటున్నారు. వీటి ప్రకారం బాధ్యత స్థానిక సంస్థది. పట్టణంలో మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్, పల్లెలో పంచాయతీ. చిత్తూరు నగరంలో కుక్కల సంగతి చిత్తూరు కార్పొరేషన్ చూడాలి. ఐరాల మండలంలోని కాణిపాకంలో అయితే గ్రామ పంచాయతీ చూడాలి.

పని ఇలా జరగాలి. కుక్కను పట్టుకోవాలి. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేయాలి. గుర్తుగా చెవి కొన కత్తిరించాలి. కోలుకున్నాక ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. ఈ పని ఎవరు పడితే వాళ్లు చేయకూడదు. భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉన్న సంస్థతోనే చేయించాలి.

పట్టుకెళ్లి పక్క ఊళ్లో వదిలేస్తే ఏమవుతుంది?

చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా ప్రయోజనం ఉండదు. యాత్రాస్థలంలో తిండికి కొదవ ఉండదు. పారేసిన విస్తరాకులు, హోటళ్ల చెత్త, మాంసం దుకాణాల వ్యర్థాలు, భక్తులు వేసే బిస్కెట్లు ఉంటాయి. ఉన్న కుక్కల్ని తీసేస్తే ఆ తిండి కోసం చుట్టుపక్కల కుక్కలు వచ్చి చేరతాయి. అలా వచ్చినవాటికి ఆపరేషన్ అయి ఉండదు, టీకా పడి ఉండదు. పరిస్థితి మొదటికన్నా దిగజారుతుంది.

చంపడం అయితే నేరం. 2026 జనవరిలో తెలంగాణలోని హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో వందల కుక్కల్ని చంపారన్న ఫిర్యాదులపై పోలీసులు కేసులు పెట్టారు. వాటిలో సర్పంచ్‌ల పేర్లు కూడా ఉన్నాయి. భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కింద జంతువును చంపితే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

2025లో వచ్చిన రెండు ఉత్తర్వుల్ని మీరు వేర్వేరుగా గుర్తుపెట్టుకోవాలి.

ఆగస్టు 22 నాటి ఉత్తర్వు: ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టుకున్న చోటే వదలాలి. రేబిస్ ఉన్నవి, రేబిస్ అనుమానం ఉన్నవి, మీదపడి కరిచే స్వభావం ఉన్నవి మాత్రం వదలకూడదు. ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదు. స్థానిక సంస్థ చూపిన చోటే పెట్టాలి. వీధి కుక్కను దత్తత తీసుకోవాలనుకున్నవాళ్లు స్థానిక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత దరఖాస్తుదారుడిదే.

నవంబర్ 7 నాటి ఉత్తర్వు: బడులు, కాలేజీలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేయాలి. ఆపరేషన్, టీకా అయ్యాక షెల్టర్‌లో పెట్టాలి. పట్టుకున్న చోట మళ్లీ వదలకూడదు.

ఇది కాణిపాకానికి ఎలా వర్తిస్తుంది? ఊళ్లోని బస్టాండు, బడి, ఆసుపత్రి రెండో ఉత్తర్వు కిందికి వస్తాయి. ఆ జాబితాలో ఆలయాల పేరు లేదు. కాబట్టి ఆలయ వీధుల్లోని కుక్కలకు మొదటి ఉత్తర్వే దారి. అంటే ఒకే ఊళ్లో కొన్ని కుక్కల్ని తిరిగి వదలాలి, కొన్నింటిని వదలకూడదు. వదలకూడని వాటిని జీవితాంతం ఎవరో ఒకరు పోషించాలి. ఖర్చు సమస్య ఇక్కడే మొదలవుతుంది.

ఆపరేషన్‌కు ఎంత? షెల్టర్‌కు ఎంత?

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక ఊళ్లో 200 కుక్కలున్నాయనుకోండి. పట్టుకోవడం, ఆపరేషన్, టీకా, ఆ తర్వాతి సంరక్షణ అన్నీ కలిపి ఒక్కో కుక్కకు సుమారు రూ.1,650 అవుతుందని జంతు సంక్షేమ మండలి లెక్క కట్టింది. చాలా నగరాలు దీన్నే ప్రామాణికంగా తీసుకున్నాయి. 200లో 70 శాతం అంటే 140 కుక్కలు. మొత్తం రూ.2,31,000.

అవే 200 కుక్కల్ని షెల్టర్‌లో పెడితే? ఒక్కో దానికి రోజుకు తిండికి రూ.50 చొప్పున వేసుకున్నా ఏడాదికి రూ.36.5 లక్షలు. ఇందులో స్థలం, షెడ్లు, సిబ్బంది జీతాలు, మందులు లేవు. కుక్క పదేళ్లు బతకవచ్చు. కాబట్టి ఈ ఖర్చు ఏటా వస్తూనే ఉంటుంది.

ఆపరేషన్లూ ఒక్కసారితో అయిపోవు. కొత్తగా వచ్చిన కుక్కలకు, మిగిలిపోయినవాటికి ఏటా చేస్తూనే ఉండాలి. కానీ మొదటి విడత సరిగ్గా జరిగితే తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య తక్కువగా ఉంటుంది.

ఎందుకు 70 శాతం?

ఆడకుక్క గర్భకాలం సుమారు 63 రోజులు. ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. ఒక్కో ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలే. అందుకే ఈ ఏడాది 20 కుక్కలకు, వచ్చే ఏడాది 20 కుక్కలకు చేస్తే ఫలితం కనబడదు. మిగిలినవి ఆ లోటు పూడ్చేస్తాయి. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు తక్కువ కాలంలో, ఒకే ఊపులో ఆపరేషన్, టీకా పూర్తి కావాలి. టీకా విషయంలోనూ ఇదే లెక్క. 70 శాతం కుక్కలకు టీకా ఉంటే రేబిస్ గొలుసు తెగుతుంది.

మరి దత్తత వల్ల సంఖ్య తగ్గదా?

దత్తత వల్ల ఆ ఒక్క కుక్క బతుకు మారుతుంది. ఊళ్లో మొత్తం సంఖ్య మాత్రం మారదు. ఏడాదికి పది పిల్లల్ని దత్తత ఇచ్చారనుకోండి. ఆపరేషన్ కాని రెండు మూడు కుక్కలు ఆ పదింటినీ ఒక్క విడతలో కనేస్తాయి.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలోని అడవి గుర్రాలు. అక్కడ 1971 నుంచి వాటికి చట్టరక్షణ ఉంది. మేత భూములు మోయలేనంతగా సంఖ్య పెరిగితే ప్రభుత్వం వాటిని పట్టుకుని దత్తత ఇస్తుంది. తీసుకునేవాళ్లు చాలక 60 వేలకు పైగా గుర్రాలు ప్రభుత్వ పోషణలోనే మిగిలాయి. ఆ పథకం డబ్బులో ఎక్కువ భాగం వాటి మేతకే పోతోంది. గర్భనిరోధక టీకాలకు మిగిలేది తక్కువ. దత్తత పెంచడానికి 2019లో గుర్రానికి 1,000 డాలర్ల ప్రోత్సాహకం పెట్టారు. కొందరు ఆ డబ్బు తీసుకుని, యాజమాన్య హక్కు రాగానే గుర్రాల్ని వేలానికి పంపారు. అక్కడి నుంచి కొన్ని కబేళాలకు చేరాయి. 2025లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ ప్రోత్సాహకాన్ని కొట్టేసింది.

మనం నేర్చుకోవాల్సినవి రెండు. పుట్టుకను ఆపకుండా పోషణ మొదలుపెడితే డబ్బంతా పోషణకే పోతుంది. ఇచ్చాక వెళ్లి చూడకపోతే దత్తత కాగితం మీదే ఉంటుంది.

అలాగని దత్తత వద్దని కాదు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 2025 ఆగస్టు 17న జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. టీకాలు వేసి, నులిపురుగుల మందు పట్టి, ఉచితంగా ఇచ్చింది. తల్లి లేని పిల్లలకు, బస్టాండు లాంటి చోట్ల నుంచి తీసుకొచ్చి తిరిగి వదలకూడని సాధు కుక్కలకు దత్తత మంచి దారి. దత్తతకు వెళ్లిన ఒక్కో కుక్క వల్ల పంచాయతీకి జీవితకాలపు పోషణ భారం తప్పుతుంది.

మీరు దత్తత తీసుకోవాలంటే

- పంచాయతీ కార్యాలయంలో లేదా మున్సిపాలిటీలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. రసీదు తీసుకోండి.
- గ్రామ పంచాయతీల్లో పెంపుడు కుక్కలకు లైసెన్సు నిబంధనలు 2020 నుంచి ఉన్నాయి. దాని గురించి పంచాయతీ కార్యదర్శిని అడగండి.
- మూడు నెలల వయసు దాటాక రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా బూస్టర్ వేయించాలి. ఏటా జులై 6న జూనోసిస్ దినం, సెప్టెంబర్ 28న రేబిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచిత టీకా శిబిరాలు పెడుతుంటారు.
- వయసు రాగానే ఆపరేషన్ చేయించండి. ఇది చేయించకపోతే మీ దత్తత వల్లే ఊళ్లో కుక్కలు పెరుగుతాయి. జబ్బు చేస్తే తిరుపతిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉంది.
- తిండి ఖర్చును పదేళ్లకు లెక్కేసుకోండి. పైన చెప్పినట్టు రోజుకు రూ.50 అనుకుంటే పదేళ్లకు రూ.1.8 లక్షలు దాటుతుంది. ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే తీసుకురండి. మళ్లీ వీధిలో వదిలేస్తే చట్టం ముందు బాధ్యులు మీరే.

పంచాయతీ నుంచి మీరు ఏం అడగాలి?

"కుక్కల్ని తీసేయండి" అని అడిగితే ఎక్కడికో తీసుకెళ్లి వదిలే ప్రమాదముంది. దాని బదులు గ్రామసభలో ఈ నాలుగు అడగండి. ఊళ్లో కుక్కల్ని లెక్కపెట్టారా? వాటిలో ఎన్నింటికి ఆపరేషన్, టీకా అయ్యాయి? తిండి పెట్టే చోటు ఎక్కడ చూపించారు? హోటళ్లు, మాంసం దుకాణాల వ్యర్థాలు రోజూ ఎత్తుతున్నారా?

చిన్న పంచాయతీ సొంతంగా ఆపరేషన్ కేంద్రం పెట్టుకోవడం కష్టం. కాణిపాకం నుంచి చిత్తూరు 12 కిలోమీటర్ల లోపే. మండలంలోని పంచాయతీలు కలిసి, పశుసంవర్ధక శాఖ, చిత్తూరు కార్పొరేషన్‌తో మాట్లాడుకుంటే ఒకే కేంద్రాన్ని అందరూ వాడుకోవచ్చు. వినాయక చవితి నుంచి 21 రోజుల బ్రహ్మోత్సవాలకు జనం పోటెత్తుతారు. దానికి నెలల ముందే ఈ పని ముగించాలి. పంచాయతీ స్పందించకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. 1100 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

కుక్క కరిస్తే వెంటనే ఏం చేయాలి?

గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. కారం, పసుపు, ఆకుపసరు పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. అదే రోజు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో మొత్తం నాలుగుసార్లు వేస్తారు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. ఆ సంగతి డాక్టర్‌ను మీరే అడగండి. కరిచింది పెంపుడు కుక్కే అయినా, కుక్కపిల్లే అయినా టీకా మానొద్దు. రెండు డోసులయ్యాక బాగానే ఉంది కదా అని మిగతావి వదిలేయొద్దు.