నార్మలా, పవరా?

మియాపూర్ దారిలో నేను ఎప్పుడూ ఆగే బంకు ఒకటుంది. కారు ఆపీ ఆపకముందే కుర్రాడు కిటికీ దగ్గరకొచ్చి అడుగుతాడు: "అన్నా, నార్మలా, పవరా?" ఏ కంపెనీ బంకైనా, ఆ ఖరీదు పెట్రోలు అసలు పేరు ఏదైనా, జనం నోట్లో అది పవరే. లీటరుకి ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. రెండేళ్ళ క్రితం ఒక సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొన్నాను. చూడ్డానికి చిన్నదే గానీ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దాని సంగతి తెలుస్తుంది. అప్పట్నుంచీ తడుముకోకుండా "పవరే" అనేవాణ్ణి. మంచి కారుకి మంచి పెట్రోలు, ఇందులో ఆలోచించడానికేముంది?

సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు నాన్న పక్క సీట్లో ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు నడిపిన మనిషి. నేను "పవర్ కొట్టు" అనగానే నా వైపు తిరిగి, "బండి అడిగిందా, నువ్వు పోయిస్తున్నావా?" అన్నారు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత దాని కోసం చదవడం మొదలుపెడితే, ఆ ఏడెనిమిది రూపాయల వెనక వందేళ్ళ కథ బయటపడింది. అందులో ఇంజనీర్లు, రేసు కార్లు, యుద్ధ విమానాలు, విషం ఒంటికెక్కి పిచ్చెక్కి చనిపోయిన కూలీలు, చివరికి మా నాన్న ఊపిరితిత్తులు కూడా ఉన్నాయి.

ముందు ఒక చప్పుడు గురించి చెప్పాలి. పాత బండి బరువుతో ఎత్తు ఎక్కుతుంటే రేకు డబ్బాలో గోలీలు పోసి కదిపినట్టు ఇంజన్లోంచి ఒక టకటక వస్తుంది. నాన్న దాన్ని నాకింగ్ అనేవారు. సిలిండర్లో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి నలిగి ఉంటాయి. స్పార్క్ ప్లగ్ నిప్పు పెట్టగానే మంట ఒక పక్క నుంచి వరసగా పాకాలి. కానీ మంట చేరేలోపే అవతలి మూల మిగిలిన ఆవిరి, వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక, తనంతట తనే భగ్గుమంటే ఆ చప్పుడు వస్తుంది. అది అలాగే సాగితే పిస్టన్లు పాడవుతాయి. ఆక్టేన్ సంఖ్య చెప్పేదల్లా ఆ పెట్రోలు తొందరపడి అంటుకోకుండా ఎంత ఒత్తిడి వరకూ ఆగుతుందనే. అంటే అది పెట్రోలు బలానికి కొలత కాదు, ఓర్పుకి కొలత. 100 ఆక్టేన్ పెట్రోల్లో 91 కంటే ఎక్కువ శక్తేమీ దాగి ఉండదు.

మరి ఆ ఓర్పు ఎందుకు? గాలినీ పెట్రోల్నీ ఎంత గట్టిగా నొక్కి అంటిస్తే, అదే పెట్రోలు నుంచి అంత ఎక్కువ పని వస్తుంది. ఫోర్డ్ మోడల్ టీ కారు తన మిశ్రమాన్ని నాలుగో వంతు వరకే నొక్కేది. నేటి కార్లు పదో వంతు వరకూ, ఇంకా ఎక్కువ కూడా నొక్కుతాయి. టర్బో ఉంటే గాలి ముందే కూరి వస్తుంది. ఇంజన్ అంత నొక్కాలంటే ఓర్చుకునే పెట్రోలు కావాలి.

ఈ సంగతి తేల్చే పనిలో ఇంగ్లండులో హ్యారీ రికార్డో ఉంటే, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ ఉన్నాడు. కార్లకి సెల్ఫ్ స్టార్టర్ ఇచ్చింది ఈయనే. 1916లో ఆయన దగ్గర థామస్ మిడ్జ్లీ అనే కుర్ర ఇంజనీరు చేరాడు. చలికాలంలో కూడా ఎర్రగా ఉండే ఆకులు ఎండ వేడిని బాగా పట్టుకుంటాయి కాబట్టి, ఇంధనానికి ఎర్ర రంగు వేస్తే నాకింగ్ తగ్గుతుందేమోనని వీళ్ళ ఊహ. చేతికి వేరే రంగు దొరక్క మిడ్జ్లీ అయొడిన్ కలిపాడు. నాకింగ్ తగ్గింది! తీరా చూస్తే తగ్గించింది రంగు కాదు, అయొడినే. ఊహ తప్పయినా దారి దొరికింది. ఇంధనంలో చిటికెడు ఏదో కలిపి దాని స్వభావాన్ని మార్చవచ్చన్న మాట. ఆ తర్వాత ఐదేళ్ళు ఎన్నెన్నో పదార్థాలు కలిపి చూశారు. 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం దగ్గర ఆగారు. గాలనుకి చాలా కొద్దిగా కలిపితే చాలు, నాకింగ్ మాయం.

ఇక్కడే నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. అంతకు రెండు నెలల ముందే, అక్టోబరులో, అదే మిడ్జ్లీ డేటన్ నుంచి ఇండియానాపొలిస్‌లో జరిగే ఇంజనీర్ల సమావేశానికి ఒక కారు నడుపుకుంటూ వెళ్ళాడు. అందులో పోసింది 30 శాతం ఆల్కహాల్ కలిపిన పెట్రోలు. అదీ నాకింగ్ రాకుండా చక్కగా నడిచింది. ఆల్కహాల్ పని చేస్తుందని వాళ్ళకి తెలుసు, వాళ్ళే చెప్పారు కూడా. కానీ ఆల్కహాల్ ఎవరైనా తీయగలరు, దాని మీద పేటెంటు కట్టుకుని కూచోలేరు. పైగా కలపాల్సింది చిటికెడు కాదు, బోలెడు. సీసం చవక, చిటికెడు చాలు, పేటెంటు చేతిలో ఉంటుంది.

1923 ఫిబ్రవరిలో డేటన్‌లోని ఒక బంకులో అమ్మకం మొదలైంది. పేరు "ఇథైల్". అందులో ఉన్నది సీసం, పేరులో లేనిదీ సీసమే. మామూలు పెట్రోలు కంటే గాలనుకి కొన్ని సెంట్లు ఎక్కువ. ఆ ఏడాది ఇండియానాపొలిస్ 500 రేసులో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన కార్లూ ఇథైల్ పోసుకున్నవే. ఇంతకంటే ప్రకటన ఏం కావాలి? "రేసులో గెలిచిన పెట్రోలు నా కారులోనూ పోస్తే" అన్న ఆశ అప్పుడు పుట్టిందే. మొన్నటిదాకా నేను మియాపూర్ దారిలో కొంటూ వచ్చింది ఆ ఆశనే.

1924లో జనరల్ మోటార్స్, స్టాండర్డ్ ఆయిల్ కలిసి ఇథైల్ కార్పొరేషన్ పెట్టాయి. ఆ అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ సీసం తయారుచేసే కార్మికులకి మతి చలించింది. లేనివి కనిపించాయి, కొందరిని కట్టేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఐదుగురు చనిపోయారు. పత్రికలు దానికి పిచ్చి గ్యాసు అని పేరు పెట్టాయి. ఆ నెలాఖరులో మిడ్జ్లీ విలేకర్లని పిలిచి, వాళ్ళ ఎదుటే ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, నిమిషం పాటు దాని ఆవిరి పీల్చి చూపించాడు. ఏమీ కాదని. అంతకు ముందు ఏడాది తనే సీసం విషం ఒంటికెక్కి, కోలుకోవడానికి వెచ్చటి ఫ్లోరిడా వెళ్ళి వచ్చిన సంగతి ఆ విలేకర్లకి చెప్పలేదు.

1925 మేలో ప్రభుత్వం వాషింగ్టన్‌లో సమావేశం పెట్టింది. కార్మికుల జబ్బుల మీద జీవితమంతా పని చేసిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ అక్కడ గట్టిగా వ్యతిరేకించింది. సీసం కొత్త విషమేమీ కాదు, రోము కాలం నుంచీ తెలిసినదే. కంపెనీ ప్రతినిధి మాత్రం దీన్ని దేవుడిచ్చిన వరమన్నాడు. కొన్ని నెలలు అమ్మకం ఆపి, ఒక కమిటీ వేసి, మళ్ళీ మొదలుపెట్టారు. వరమే గెలిచింది.

అప్పటిదాకా ఈ ఓర్పుకి ఒక కొలమానం లేదు. 1926లో ఇథైల్ కార్పొరేషన్ రసాయనవేత్త గ్రాహం ఎడ్గర్ దాన్ని తయారుచేశాడు. అసలు ఓర్పు లేని హెప్టేన్‌కి సున్నా, బాగా ఓర్చుకునే ఐసోఆక్టేన్‌కి 100. మన పెట్రోలు ఈ రెండిట్నీ ఏ పాళ్ళలో కలిపితే వచ్చే మిశ్రమంలా ప్రవర్తిస్తుందో అదే దాని సంఖ్య. ఆ హెప్టేన్ మొదట్లో ఎక్కడ దొరికిందో తెలుసా? కాలిఫోర్నియాలో పెరిగే జెఫ్రీ పైన్ అనే చెట్టు బంకలో. ఈరోజు బంకులో చూసే 91, 95, 100 అన్నీ ఆ చెట్టుతో మొదలైన లెక్క.

ఓర్పు బలంగా ఎప్పుడు మారుతుందో చూడాలంటే 1940 వేసవికి వెళ్ళాలి. బ్రిటన్ మీద జర్మన్ విమానాలు దాడి చేస్తున్నాయి. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల్లో ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజను. 87 ఆక్టేన్ మీద దాని సూపర్‌చార్జర్ ఒత్తిడిని 6 పౌండ్ల దగ్గర ఆపేవారు, దాటితే నాకింగ్. 100 ఆక్టేన్ వచ్చాక అదే ఇంజన్లో 12 పౌండ్ల వరకూ అనుమతించారు. తక్కువ ఎత్తులో కొన్ని వందల గుర్రపు శక్తి అదనంగా వచ్చింది. కానీ మెకానిక్కులు ఇంజన్లో ఆ మేరకు మార్పులు చేయకుండా ఊరికే 100 పోసి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. పెట్రోలు చోటిచ్చింది, ఆ చోటు వాడుకున్నది ఇంజను.

నాన్న అడిగిన దానికి జవాబు ఇక్కడే దొరికింది. బండి అడగాలి. 1980ల మొదట్లో సాబ్ కంపెనీ టర్బో కార్లకి నాకింగ్‌ని వినే ఒక చెవి పెట్టింది. టకటక మొదలవగానే టర్బో ఒత్తిడి తగ్గించేది. ఇప్పుడు దాదాపు అన్ని కార్లలో అలాంటి సెన్సర్ ఉంది. కాబట్టి 95 అడిగే కారులో 91 పోస్తే ఇంజను పాడవ్వకపోవచ్చు గానీ, వెనక్కి తగ్గి నడుస్తుంది. 91 చాలనే కారులో 95 పోస్తే తీసుకోవడానికి అక్కడ చోటే లేదు.

అమెరికాలో మోటారిస్టుల సంఘం ట్రిపుల్ ఏ దీన్ని కొలిచింది. మామూలు పెట్రోలు చాలనే కార్లలో ప్రీమియం పోస్తే లాభమేమీ కనపడలేదని 2016లో తేల్చింది. అలా ఒక్క ఏడాదిలో అమెరికన్లు వృథా చేసింది 210 కోట్ల డాలర్లట. మరుసటి ఏడాది, ప్రీమియం పోస్తే మంచిదని కంపెనీయే చెప్పిన కార్లని పరీక్షిస్తే సగటున మైలేజీ 2.7 శాతం, గుర్రపు శక్తి 1.4 శాతం పెరిగాయి. అక్కడ ప్రీమియం ధర మామూలు దానికంటే 20 శాతం పైనే ఎక్కువ. "తప్పనిసరి" అని రాసిన కారుకి పోయాల్సిందే. "పోస్తే మంచిది" అన్న కారుకి అది సరదా. ఏమీ రాయని కారుకి దండగ. ఇంకో తిరకాసు: మన దగ్గర చాలాకాలం ప్రీమియం పేరుతో అమ్మిన వాటిలో ఆక్టేన్ మామూలుదే, ఇంజన్ శుభ్రం చేసే రసాయనాలు మాత్రమే ఎక్కువ. పేరు చూసి కాదు, సంఖ్య చూసి కొనాలి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో నిజంగానే 100 ఆక్టేన్ తెచ్చింది, లీటరు 160 రూపాయలకి. దాన్ని వాడుకునే ఇంజన్లు మన రోడ్ల మీద చాలా కొద్ది.

ఇక సీసం సంగతి. మన దేశంలో 1994లో మహానగరాల్లో సీసం తగ్గించడం మొదలుపెట్టి, 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా తీసేశారు. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా ఆపింది. 1990ల చివర్లో హైదరాబాదుతో సహా మన నగరాల్లో వేలమంది రక్తం పరీక్షిస్తే, సగానికి పైగా పిల్లల్లో సీసం డెసిలీటరుకి 10 మైక్రోగ్రాములు దాటి ఉంది. పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీసే విషం అది. ఆ పిల్లల్లో కార్లున్న ఇళ్ళవాళ్ళు ఎందరుంటారు?

నాన్న షెడ్డులో నేను చూసింది గుర్తొస్తుంది. ప్లగ్ విప్పి, దాని మూతికి పట్టిన బూడిద రంగు పొరని ఉప్పు కాగితంతో గీకి, నోటితో ఉఫ్ అని ఊదేవారు. ట్యాంకులోంచి పెట్రోలు తీయాలంటే ట్యూబు పెట్టి నోటితోనే పీల్చడం. ఆ బూడిద సీసమే. ఈ సంగతి చెబితే ఆయన నవ్వేసి, "అందరం అట్టాగే చేశాంగా" అన్నారు. అవును, అందరూ అలాగే చేశారు. ఆటోనగర్‌లో ఎవరి రక్తం ఎవరు పరీక్షించారు గనక?

ఇప్పుడు ఆల్కహాల్ తిరిగొచ్చింది. మన పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దాని ఓర్పు పెట్రోలు కంటే ఎక్కువ, అందుకే ఈ20 ప్రమాణం ప్రకారం మామూలు పెట్రోలే కనీసం 95. అయితే లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, మైలేజీ కొంత పోతుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాల గురించి జనం తిట్టుకుంటున్నారు, నేనూ తిట్టుకుంటున్నాను. కానీ 1921 అక్టోబరులో ఇండియానాపొలిస్ చేరిన ఆ కారు గుర్తొచ్చినప్పుడు నా తిట్టులో పదును తగ్గుతుంది. నూరేళ్ళ కింద ఇదే గొడవ పడి ఉంటే బాగుండేది.

సంక్రాంతి నాడు బంకులో నాన్న దిగి, నా కారు పెట్రోలు మూత తెరిచి లోపల అంటించిన స్టిక్కర్ చూశారు. అంతకాలం నేను దాన్ని చదవనే లేదు. 95 అని ఉంది.

"అడిగింది 95. ఇక్కడ నార్మలెంత?" అన్నారు బంకు కుర్రాడితో.

ఆ అబ్బాయి నా వైపు చూశాడు. నేను స్టిక్కర్ వైపు చూశాను.