కెనడాలో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నారా? 20 డిగ్రీల వేడి ఎవరి బాధ్యత, ఎలా కొలవాలి?

టొరంటో, బ్రాంప్టన్ ప్రాంతాలకు చదువుకోవడానికి వెళ్లిన మన విద్యార్థులు అద్దె తక్కువని బేస్‌మెంట్‌లో దిగడం మామూలే. సెప్టెంబరులో చూసినప్పుడు గది బాగానే ఉంటుంది. జనవరి వచ్చేసరికి రెండు స్వెటర్లు వేసుకున్నా కాళ్లు గడ్డకడతాయి. ఓనర్‌ని అడిగితే ‘బేస్‌మెంట్ అంటే అంతే’ అంటారు. చట్టం అలా అనడం లేదు.

చట్టం ఏం చెబుతోంది?

ఈ నగరాలున్న ఒంటారియో ప్రావిన్స్‌లో అద్దె ఇంటికి వేడి అత్యవసర సేవ కిందికి వస్తుంది. సెప్టెంబరు 1 నుంచి జూన్ 15 వరకు గదిలో కనీసం 20 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. టొరంటో నగర నిబంధన ప్రకారమైతే చలికాలంలో 21 డిగ్రీలు. ఎక్కడ కొలవాలో కూడా ప్రావిన్స్ నిబంధనల్లోనే ఉంది: నేలకు 1.5 మీటర్ల ఎత్తున, బయటి గోడకు 1 మీటరు దూరంలో. కిటికీ దగ్గర పెట్టిన థర్మామీటర్ ఫొటో చూపిస్తే మీ వాదన నిలవదు. ఆ ఎత్తులో 20 ఉండి కాళ్ల దగ్గర బాగా చల్లగా ఉన్నా చట్టం దృష్టిలో సరిపోయినట్టే.

గది ఎందుకు వేడెక్కదు?

చాలా ఇళ్లలో థర్మోస్టాట్ పై అంతస్తులో ఉంటుంది. అక్కడ వేడి సరిపోగానే ఫర్నేస్ ఆగిపోతుంది, కింద మీ గది చల్లగానే మిగులుతుంది. పైగా బేస్‌మెంట్‌లో వేడిగాలి వచ్చే వెంట్లు తరచూ సీలింగ్‌లో ఉంటాయి. వేడిగాలి తేలిక కాబట్టి పైనే ఉండిపోతుంది. ఇంటి పైభాగం నుంచి వేడిగాలి బయటికి పోతున్నకొద్దీ కింది సందుల్లోంచి చలిగాలి లోపలికి వస్తుంది. కాంక్రీట్ గోడ మీద చెక్క కట్టడం కూర్చునే చోట ఈ సందులు ఎక్కువ. వాటిని మూయించడం ఓనర్ పని.

మీరు చేయగలిగినవీ ఉన్నాయి. ముందు మీ గది వెంట్లు పూర్తిగా తెరిచి ఉన్నాయా, మంచమో సోఫానో అడ్డం వచ్చిందా చూడండి. థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ని ‘ఆటో’ నుంచి ‘ఆన్’కి మార్చమని పైవాళ్లను అడగండి. ఫర్నేస్ ఆగినా గాలి తిరుగుతూ ఉంటుంది, పైకీ కిందికీ తేడా కొంత తగ్గుతుంది. నేల మీద మందపాటి రగ్గు వేస్తే కాళ్లకు హాయిగా ఉంటుంది. అయితే అప్పుడప్పుడు ఎత్తి చూడాలి, తేమ ఉంటే అడుగున బూజు పడుతుంది. పడకగదిలో బయటికి దూకేందుకు వీలున్న కిటికీని మాత్రం తెరవడానికి వీల్లేకుండా మూయవద్దు. మంటలు వస్తే దారి అదే.

ప్రాణాల మీదికి తెచ్చే పొరపాట్లు

ఫర్నేస్ గదిలో ఒక గొట్టం లోంచి చలిగాలి వస్తుంటుంది. అది మంట మండడానికి కావాల్సిన గాలి. చలి ఆపుదామని దానికి గుడ్డ కుక్కితే కార్బన్ మోనాక్సైడ్ పుట్టొచ్చు. దానికి వాసన, రంగు ఉండవు. గ్యాస్ ఓవెన్ తెరిచిపెట్టి, బొగ్గులు వెలిగించి వేడి తెచ్చుకోవడమూ అంతే ప్రమాదం. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో ఈ రోజే చూడండి. అది మోగితే వెంటనే బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి. 1500 వాట్ల స్పేస్ హీటర్‌ను నేరుగా గోడ ప్లగ్‌లోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాదు. దుప్పట్లకు 1 మీటరు దూరం ఉంచాలి.

ఫిర్యాదు ఎవరికి?

ముందు ఓనర్‌కు మెసేజ్ లేదా ఈమెయిల్ రూపంలో రాయండి. తేదీ, సమయం, ఉష్ణోగ్రత రోజూ రాసి పెట్టుకోండి. స్పందన లేకపోతే 311కి ఫోన్ చేస్తే నగర తనిఖీ సిబ్బందికి ఫిర్యాదు వెళ్తుంది. ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డులో ఏడాదిలోపు దరఖాస్తు చేసుకునే వీలూ ఉంది. కోపంతో అద్దె ఆపేయకండి, బకాయి కారణంగా మీ మీదే ఖాళీ చేయించే దరఖాస్తు పడుతుంది.

బేస్‌మెంట్‌కు అనుమతి లేకపోయినా అద్దెదారుగా మీ హక్కులు పోవు. కానీ తనిఖీలో ఆ సంగతి బయటపడితే యూనిట్‌నే మూయమనే అవకాశం ఉంది. ఫోన్ చేసే ముందు ఇంకో చోటు చూసి పెట్టుకోవడం మంచిది. వంటగది, బాత్రూమ్‌లలో ఏదైనా ఓనర్ కుటుంబంతో కలిసి వాడుకోవాలన్నది మీ ఒప్పందమైతే అద్దెదారుల చట్టం మీకు వర్తించదు, బోర్డు దారి మూసుకుపోతుంది. అప్పుడు 311కి ఫిర్యాదు చేసే దారి మిగులుతుంది. కాబట్టి అడ్వాన్స్ కట్టే ముందే వంటగది ఎవరెవరు వాడతారో అడగండి.